కీ ఇవ్వకూడని వాచీ

ఏవండీ,

మనబ్బాయి హరిబాబు మస్కట్ నుంచి తెచ్చిన వాచీకి ఇంక కీ ఇవ్వకండి. వాచీలు బాగుచేసే కొట్లో చూపించాను. మీ పాత వాచీకి ఇచ్చినట్టు ఆగినప్పుడల్లా బిగించి తిప్పేసరికి లోపలి చక్రాలు ఎండిపోయి గరగరలాడుతున్నాయట. నూనె వేయించాను.

అది చెయ్యి కదిలితే నడిచే ఆటోమేటిక్. "మరి పెట్టుకున్నా ఆగిపోతోందేంటండీ?" అన్నాను. "పెట్టుకున్నాయన చెయ్యి కదపరాండీ?" అన్నాడు కొట్లో అతను. పక్షవాతం వచ్చిన ఆ ఎడమ చేతికి రోజూ వ్యాయామం చేస్తున్నాననే కదా నాతో చెబుతున్నారు!

డాక్టరుగారి దగ్గర టోకెన్ తీసుకొస్తాను. అన్నం మూతపెట్టాను. ఆగిపోయిన వాచీ బల్ల మీదుంది. నేనొచ్చేసరికి మీ చేతికి నడుస్తూ కనబడాలి.

లలిత

కుడి చేతికి పెట్టుకుని నడిపిస్తే ఒప్పుకోను.