లైట్‌హౌస్ కట్టాక హానా వేసిన బొమ్మ

శారద ఆంటీకి,

నమస్కారం. మీరు ఈ లోకం వదిలి వెళ్ళిపోయి ఏడాది కావస్తోంది. ఇన్నాళ్ళూ రాయలేదని ఏమీ అనుకోకండి... చెప్పడానికి ఏదైనా ఉంటే రాద్దామనుకున్నాను. ఇప్పుడు ఉంది.

మన హానా దొరికింది ఆంటీ!

లైబ్రరీ మెట్ల పక్కన వేలాడే ఆ సముద్రం బొమ్మ ఆవిడదే. నిన్నటి నుంచి దాని కింద హానా థార్లీ అని పేరుంది. "చిత్రకారుడు తెలియదు" అన్న చీటీ తీసేశారు.

మీరు నమ్మరు, నాకు తెలుసు. దాని ముందు నన్నెన్నిసార్లు నిలబెట్టారు? "చెయ్యి ఆవిడదే లాగుంది గానీ కాదే పిల్లా. అందులో లైట్‌హౌస్ చూడు. అది కట్టేనాటికే ఆవిడ మొగుడు పోయాడు. మొగుడు పోయిన మనిషి రంగుల జోలికేం వెళ్తుంది?" అనేసి ముందుకి నడిచేవారు.

విక్టోరియా రాణి కాలంలో ఈ ఊళ్ళో బొమ్మలు వేసిన మనిషి కోసం చర్చి రికార్డులూ పాత జనాభా లెక్కలూ అన్నీ తిరగేశారు. ఓడ నడిపే భర్త సముద్రంలో పోయిన ఏడాది దగ్గరికి రాగానే ఆపేశారు. నాకూ అదే సబబనిపించింది. తాతయ్య పోయాక మా అమ్మమ్మ గుమ్మంలో ముగ్గు కూడా వేయలేదు. అంకుల్ పోయాక మీరు వీణని బీరువా మీదకెక్కించారు. దుమ్ము తుడుస్తానంటే "వద్దులే, దాని మానాన దాన్నుండనీ" అన్నారు... ఇక హానా మాత్రం వేసుంటుందని మనకెలా తోస్తుంది?

మీ ఫ్లాట్ ఖాళీ చేసేటప్పుడు హానా వేసిన ఇంకో బొమ్మని మీ అమ్మాయి నాకిచ్చింది. మీరు పాత సామాన్లమ్మే చారిటీ షాపులో కొన్నదే, వెనకాల ఆవిడ పేరు అంటించి ఉన్నది. మెట్లెక్కుతుంటే నా చేతిలోంచి జారి అద్దం పగిలింది. ఏడుపొచ్చింది ఆంటీ.

ఫ్రేములు కట్టే అతని దగ్గరికి తీసుకెళ్ళాను. బొమ్మ చుట్టూ ఉన్న వెడల్పాటి అట్ట తీశాడు. అట్ట కింద దాగిన అంచులో, ఒక రాయి మీద, సన్నగా ఆవిడ సంతకం!

ఇంటికి వెళ్ళకుండా మా పాపని తోపుడు బండిలో తోసుకుంటూ నేరుగా లైబ్రరీకి పోయాను. అక్కడి బొమ్మకీ అలాంటి అట్టే ఉంది. నురగ దగ్గర రంగే లేదు, ఒట్టి కాగితం. "తెలుపు పూసేది కాదే, వదిలేసేది" అని మీరే కదా చూపించారు? ఇదీ అదే చెయ్యి. మరి ఈ అట్ట కింద ఏముందో?

అడగాలి. కానీ ఎవరిని? ఏమని?

అంతలో తెలిసింది, లైబ్రరీ గోడలకి రంగులేస్తున్నారట. పేరు లేని బొమ్మలన్నీ కౌన్సిల్ వాళ్ళ గోడౌనుకి వెళ్ళిపోతాయట. అక్కడికి వెళ్తే మళ్ళీ ఎవరు చూస్తారు?

మీ హిస్టరీ గ్రూపు మీటింగుకి వెళ్ళాను. లైబ్రరీ బొమ్మల విషయంలో వాళ్ళ మాటే కదా చెల్లేది. మీతో వచ్చినప్పుడు వెనక కూర్చుని బిస్కెట్లు అందించేదాన్ని, గుర్తుందా? "నోరు తెరువే, వాళ్ళేం కొరకరు" అని మీరు గిల్లేవారు. ఈసారి గిల్లడానికి మీరు లేరు. నాదేమో ఏడో తరగతి ఇంగ్లీషు. మా ఆయన రవి హాస్పిటల్ డ్యూటీ మార్పించుకుని మరీ ఇంట్లో నాకు ప్రాక్టీసు చేయించాడు. తను ఛైర్మన్ అట, టై కూడా కట్టుకున్నాడు. ప్రతి మాటకీ దగ్గి అడ్డం వస్తుంటే ఇద్దరం పడి పడి నవ్వాం.

అసలు ఛైర్మన్ దగ్గలేదు. నేనడిగింది విని, పాత కాగితం, తెరిస్తే చిరుగుతుందేమో అన్నాడు. లేచి నిలబడ్డాను. అట్ట ఒక్కటి తీయండి, పేరు లేకపోతే గోడౌనుకి పంపేయండి అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది.

వాళ్ళు ఒప్పుకున్నాక, మ్యూజియంలో పాత బొమ్మలు బాగుచేసే ఆవిడ వచ్చి అందరి ముందూ అట్ట తీసింది. కింది అంచంతా ఖాళీ. ఒక్క గీత కూడా లేదు. ఇందుకా ఇంతమందిని కూర్చోబెట్టాను అనుకున్నాను...

ఆవిడ ఎడమ వైపు వేలు చూపించింది. అక్కడ, అట్ట మూసేసిన చోట, చిన్నగా ఒక మనిషి ఉంది ఆంటీ. ఇక్కడి వితంతువులు అప్పట్లో వేసుకునే నల్లబట్టలు. రాయి మీద కూర్చుంది. ఒళ్ళో కాగితం, చేతిలో బ్రష్, కళ్ళు లైట్‌హౌస్ మీద. రాయి మీద పేరు.

హానాయే! తనని తానే వేసుకుంది.

గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. పాప కూడా కొట్టింది. ఛైర్మన్ వచ్చి చెయ్యి కలిపాడు. ఇప్పుడు ఆ మనిషి కనపడేలా కొత్త అట్ట వేసి, మెట్ల దగ్గరే మళ్ళీ పెట్టారు.

ఎవరు కనిపెట్టారని అడిగితే మీ పేరే ముందు చెప్పాను. మీరెక్కడ పొరబడ్డారో కూడా చెప్పాను, కోప్పడకండి. మిమ్మల్ని తప్పుపట్టి ఇంత సంతోషపడతానని ఎప్పుడైనా అనుకున్నానా?

ఆ బొమ్మ వేసేనాటికి ఆవిడకి ఇంకా ఎంత జీవితం మిగిలుందో... ఇంకెన్ని వేసిందో... ఏ గోడల మీద పేరు లేకుండా ఉన్నాయో?

వెతుకుతాను ఆంటీ. ఈసారి ఏ ఏడాది దగ్గరా ఆగను.

మీ పై ఫ్లాట్
సుజాత