జేబులో మిగిలిన వాషర్

తాడేపల్లిగూడెం,
అక్టోబరు 2006

కృష్ణబాబుగారికి,

ఏవండీ, ఈ ఉత్తరం అందేసరికి మీరు కారులో కూర్చుని ఉంటే ముందు ఇంజను ఆపి దిగండి. మీ ఫోను ఎంతకీ కలవక మా బావమరిది జమీర్‌ని మోటారుసైకిలు మీద గణపవరం పంపుతున్నాను.

మీ రేసు కారు క్లచ్‌లో రెండు ప్లేట్లనీ నొక్కిపట్టే మూతకి, ప్రతి బోల్టు కిందా ఒక పల్చటి వాషర్ ఉండాలి. బిగించేటప్పుడు వాటిని పెదవుల మధ్య పట్టుకోవడం నా అలవాటు. ఆఖరిది తీసేదాకా ఎవరితోనూ మాట్లాడలేను, అదే నా లెక్క. ఇవాళ రంజాన్ ఉపవాసం కదండీ, నోట్లో పెట్టుకోకుండా చొక్కా జేబులో వేసుకున్నాను.

ఇందాక ఉపవాసం విడిచే వేళ ఖర్జూరం కోసం అదే జేబులో చెయ్యి పెడితే, దాంతోపాటు ఒక వాషర్ వచ్చింది.

"ఇంటిదాకా బాగానే వచ్చిందయ్యా" అంటారు మీరు. మెల్లగా నడిపితే బాగానే ఉంటుందండీ, నా భయమంతా అదే. రేపు పోటీలో వేగం అందుకున్నాక, ఒత్తిడి ఒకవైపే పడి ప్లేటు పగిలితే ముక్కలు దూసుకొచ్చేది మీ కాళ్ల మీదికే.

నన్ను ఎంతైనా తిట్టండి. కారు తాళం మాత్రం జమీర్ చేతికివ్వండి.

నీళ్లు తాగి ఉపవాసం విడిచాను. ఖర్జూరం ఆ వాషర్ పక్కనే ఉంది. తాళం వచ్చాక తింటాను.

మీ మెకానిక్