దాటరాని పడుగు

పెద్దన్నకు నీ చెల్లె లచ్చవ్వ దండం పెట్టి రాస్తున్నది. మీ బావ, మా అత్త, నేను ఇక్కడ బాగానే ఉన్నాం. నా నోరు కూడా ఎప్పటిలాగే ఉంది. అవ్వ మోకాళ్లు ఎలా ఉన్నాయో, వదినకు దగ్గు తగ్గిందో లేదో కార్డు ముక్కయినా రాయి.

సుల్తానాబాద్ విడిచి ఎనిమిది నెలలయింది. ఆదిలాబాద్ జిల్లా చలి అంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది. పొద్దున గల్లీలో చాచిన పడుగు నూలుకు గంజి పెడుతుంటే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. మగ్గం పని దొరుకుతున్నది, ఫికర్ చేయకు. జొన్నరొట్టె అలవాటైంది. మాట్లాడటానికి మనవాళ్లు లేరని మొదట్లో ఏడ్చిన మాట నిజమే. ఇప్పుడు ఏడవడానికి తీరిక లేదు, మున్సిపాలిటీతో కొట్లాట పడింది.

మా గల్లీలో ఒక పక్కన మంచినీళ్ల బావి ఉంది. వానలకు దాని గోడ కూలి లోపలే పడింది. ఇప్పుడది నేలకు సమానంగా నోరు తెరుచుకుని ఉంది. మా అత్తకు చూపు సరిగా ఆనదని నీకు తెలుసు కదా. అయినా బిందె పట్టుకుని అటే పోతుంది. "నేనున్నగదా, నువ్వు పోకు" అంటే వినదు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నా నా చెవి బావి దగ్గరే ఉంటుంది.

గల్లీ వాళ్లం అర్జీ పెట్టాం. ఆఫీసు అంటే ఉర్దూయే అనుకుని పాత మున్షీ చేత ఉర్దూలో రాయించాం. మున్సిపాలిటీ కొత్త గుమాస్తా కోస్తా మనిషి. "ఇది నాకు రాదమ్మా, తెలుగులో తీసుకురండి" అని తిప్పి ఇచ్చాడు. బాపు నేర్పిన అక్షరాలతో నేనే రాసి తీసుకుపోయాను. ఈలోపు పక్కింటి గంగవ్వ మేక బావిలో పడి చచ్చింది. అదీ చెప్పాను. ఆయన నవ్వి, "మనుషులెవరన్నా పడ్డారా? మేకలకి ఫైలు తెరవరమ్మా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "మనిషి పడ్డంక నీ ఫైలెందుకు సారూ, ఏడ్వనీకి మేం లేమా" అని వచ్చేశాను.

పోయిన నెల మా గల్లీ చివరి బడి చూడటానికి మున్సిపాలిటీ పెద్దసారు జీపులో వస్తున్నాడని తెలిసింది. రోజూ మేం గల్లీ పొడుగునా పడుగు చాచి, బండ్ల కోసం ఇళ్ల వైపు జరుపుతాం. ఆ రోజు ఎవ్వరూ జరపలేదు. నడుమనే చాచి గంజి పెట్టాం. ఒకవైపు గంజి కుండలు, ఇంకోవైపు బావి. బావి పక్కన మాత్రం మనిషి పట్టేంత సందు మిగిలింది.

జీపు ఆగింది. "తియ్యండి దీన్ని" అన్నాడు సారు. మీ బావ జంకి నా వైపు చూశాడు. నేను గంజి కుంచె వదల్లేదు.

"తడి పడుగు సారూ, తీస్తే పోగులన్నీ అంటుకుంటయి. ఆరేదాక ఆగుండ్రి, లేకుంటే నడిచి పోండ్రి."

ఆయన పడుగు మీదుగా కాలెత్తబోయాడు. డ్రైవరు ఈ ఊరివాడే, గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు సార్, పడుగు దాటద్దు, అరిష్టమంటరు. నేతోళ్లు ఊకోరు."

ఇక బావి వైపే నడిచాడు. రెండడుగులు వేశాడో లేదో అంచు మన్ను జారింది. మీ బావ ఉరికి రెక్క పట్టి గుంజాడు. మనిషి దక్కాడు, ఎడమకాలి చెప్పు దక్కలేదు. బుడుంగుమన్నది. నిజం చెబుతున్నా అన్నా, ఆయన పడాలని నేను అనుకోలేదు. అయినా నోరు ఆగలేదు. "మేకకు ఫైలు లేదన్నరు సారూ, చెప్పుకైన ఉంటదా?"

ఆయన ఒంటి చెప్పుతోనే బడికి పోయాడు. నాలుగో రోజు రాళ్లు, సున్నం, మేస్త్రీలు వచ్చారు. వాళ్ల వెంట గుమాస్తా ఒక కాగితం పంపాడు. రోడ్డుకు అడ్డం పెట్టినందుకు తప్పయిందని నేను సంతకం చేయాలట. "పెట్టెయ్యరాదే, పీడ పోతది" అన్నాడు మీ బావ. పెట్టలేదు. "గోడ కూలినందుకు ముందు మీరు పెట్టుండ్రి" అని చెప్పి కాగితం తిప్పి పంపాను.

నిన్న మా అత్త చేత్తో గోడ తడుముకుంటూ నీళ్లు చేదుకుంది. వాకిట్లో నిలబడి చూసి, ఇన్నాళ్లకు మళ్లీ ఏడ్చాను అన్నా.

అవ్వకు, వదినకు నా దండాలు. అవ్వను నా తల మీద చెయ్యి పెట్టినట్టు అనుకుని దీవించమను. ఒక్క కోరిక. బాపు వాడిన పెద్ద కుంచె నీ దగ్గర ఊరికే ఉంది కదా, ఇటు వచ్చేవాళ్లతో పంపు. నాది అరిగిపోయింది. గోడ అయింది గానీ, గల్లీలో దీపం పెడతామని మున్సిపాలిటీ వాళ్లు ఎప్పుడో అన్న మాట అట్లాగే ఉంది. అర్జీ ఇచ్చి వచ్చాను. పెద్దసారు మళ్లీ బడికి వస్తాడట.

నీ చెల్లె,
లచ్చవ్వ