ఒక్క ఛర్రంత జాగా

ఖాజా, సలాం.

నువ్వు పోయాక ఒక ఎండాకాలం దాటింది, మళ్ళీ వానలు పడ్డాయి. కొత్తకోట అట్లాగే ఉంది. బెంగుళూరు లారీలు అట్లాగే పోతున్నాయి, నీ దుకాణం ముందు మాత్రం ఆగడం లేదు. అక్కడిప్పుడు మంగలి కుర్చీ పడింది. నువ్వు సైకిళ్ళ గాలి పంపు పెట్టుకునే మూలలో అద్దం బిగించారు. అటు పోతే అందులో నా మొహమే కనిపిస్తుంది... అందుకని రోడ్డు అవతలి పక్క నుంచి పోతున్నాను.

భాబీ పాలమూరులో అన్నగారింట్లో ఉంది. బాగానే ఉందని కబురు. పోయే ముందు నీ సామానంతా ఎవరికో ఇచ్చేసింది గాని, నువ్వు అరగదీసి చేసుకున్న పానా, బిస్కెట్ల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. డబ్బా నిండా ఛర్రలు. ఇరుసు చుట్టూ పేర్చే ఆ ఉక్కు గోళీలు నేతవాడికెందుకు? అప్పుడు అట్లా అనుకునే దాన్ని దూలం మీద పెట్టాను.

నా సంగతి అడుగుతావా? చేనేత సంఘం వాళ్ళు నూలు ఇచ్చినప్పుడు మగ్గం ఆడుతుంది, ఇవ్వనప్పుడు చేతులు ముడుచుకుని కూర్చుంటాను. అది నీకు తెలిసిందే. శుక్రవారం నమాజు అయ్యాక నువ్వొచ్చి కూర్చునే పీట ఉంది చూడు, మగ్గం గుంట పక్కన... అది ఇంకా అక్కడే ఉంది. మా ఇంటామె ఒకసారి ఖాళీగానే ఉంది కదా అని దాని మీద నూలు కండెల గంప పెట్టింది. నేను గంప తీసి కింద పెట్టాను, కాస్త గట్టిగానే పెట్టాను. తర్వాత ఆమే ఎదురింటి పెద్దాయనను పిలుచుకొచ్చి అదే పీట మీద కూర్చోబెట్టింది, నాకు తోడుగా ఉంటాడని. పాపం మంచివాడు. వానల గురించి, ఆముదాల ధర గురించి మాట్లాడాడు. మాట్లాడుతున్నంతసేపూ నాకు ఒకటే ఆలోచన, ఈయన ఎప్పుడు లేస్తాడా అని.

ఇంట్లో మనుషులుండగా కూడా ఇంత ఒంటరితనం ఉంటుందని నాకు తెలియదు, ఖాజా. నీకెప్పుడైనా ఇట్లా అనిపించిందా? అడగనే లేదు నేను...

అసలు సంగతికి వస్తాను. సైకిలు మొరాయించింది.

చీరెల మూట కట్టుకుని వనపర్తి అంగడికి పోతుంటే ఎత్తు మీద గరగరమంది. పెడలు తిరిగినప్పుడల్లా అరికాలికి తెలుస్తోంది, అన్నంలో రాయి పంటి కింద పడినట్టు. తిరిగి వచ్చేటప్పుడు ఇంకా ఎక్కువైంది. నువ్వయితే స్క్రూడ్రైవర్ మొనను పెడళ్ళ మధ్యనుండే కింది గొట్టానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకునేవాడివి. "ఆగు, దాని బాధేందో జర ఇననియ్యి" అనేవాడివి. నేనూ అట్లాగే పెట్టి విన్నాను. బాధ ఉందని తెలిసింది గాని, ఎక్కడో తెలియలేదు.

బస్టాండు దగ్గర కొత్త దుకాణం ఒకటి వెలిసింది. అక్కడికి తీసుకుపోతే, పెడళ్ళను మోసే ఈ పొట్టి క్రాంకు చేతులు ఎవరు బిగించారని ఆయన నవ్వాడు. అవి తీసేసి అందరికీ ఉండే పొడుగు క్రాంకులు, వాటికి తగిన ఇరుసు వేస్తానన్నాడు. ఆయన తప్పేముంది? నా కుడి మోకాలి కథ ఆయనకేం తెలుసు?

నీకు తెలుసు. చిన్నప్పుడు చీము పట్టి దవాఖానలో కోసిన మోకాలు, సగం కంటే ఎక్కువ వంగదు. గుంటలో కాళ్ళు దించి మగ్గం తొక్కడానికి ఆ మాత్రం చాలు. సైకిలు మీద మాత్రం పెడలు పైకి వచ్చినప్పుడల్లా ప్రాణం పోయేది. నడిచి ఊళ్ళు తిరగలేను, తొక్కి పోలేను. సైకిలు నా నొసట రాసి లేదని ఊరుకున్నాను. నువ్వు ఊరుకోలేదు. "నీ కాలుకు సైకిల్ నేర్పుడు కాదు నర్సిమ్మా, సైకిల్‌కే నీ కాలు సంగతి నేర్పాలె" అన్నావు.

క్రాంకు పొట్టిదైతే పెడలు తిరిగే చుట్టు చిన్నదవుతుంది, మోకాలు అంత పైకి లేవనక్కర లేదు. చెప్పుకోవడానికి ఇంతే. నువ్వు పిల్లల సైకిలువి ఒక జత తెచ్చావు, వాటి రంధ్రంలో మన ఇరుసు దూరలేదు. ఆ పిల్లల సైకిలు ఇరుసే వేద్దామంటే, అది కురచయి పళ్ళ చక్రం చట్రాన్ని గీకింది. ఇక వదిలేయమని నేను బతిమాలాను. "ఫికర్ జెయ్యకు. గీ పొట్టి చేతులకు జోడు ఇరుసు యాడనో పడి ఉంటది. పట్నంల దొరకంది ఏముంటది?"

పట్నం పోయిన ప్రతిసారీ జుమ్మేరాత్ బజార్‌లో తుక్కు గుట్టల మీదే కూర్చునేవాడివట. భాబీ చెప్పి నవ్వేది. చివరికి ఏ దొరసాని తొక్కి వదిలేసిందో, ఒక పాత సైకిలు ఇరుసును ఛర్రలు కూర్చునే కప్పులతో సహా రుమాల్లో కట్టి తెచ్చావు. బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా నా వాకిట్లోకే వచ్చావు. అది సరిపోయింది. సీటు కాస్త పైకి లేపి నన్ను పెద్ద రోడ్డు మీదికి తోశావు. నేను గబగబా తొక్కుతుంటే వెనకాల పరుగెత్తుతూ, "అరే, సైకిల్ మీద గూడ మగ్గమే తొక్కుతున్నవ్‌రా" అని నవ్వావు. మోకాలు నొప్పి లేదు. నేను బెల్లు కొట్టాను.

అందుకని ఆ దుకాణం నుంచి సైకిలు నడిపించుకుని ఇంటికొచ్చేశాను. వచ్చి గోడకు ఆనించాను. చాలా రోజులు అట్లాగే ఉంది.

విప్పకపోతే సైకిలు పోతుంది. సైకిలు పోతే వనపర్తి లేదు, నాకీ గుంట ఒక్కటే మిగులుతుంది. విప్పితేనో... ఆ గొట్టంలో ఉన్నది నువ్వు వేలితో పూసిన గ్రీజు. నా కోసం నువ్వు చేసిన పని అంటూ నా దగ్గర మిగిలింది అదొక్కటే. దాన్ని నేనే కడిగేయాలా?

నిన్న విప్పాను, ఖాజా.

పిన్నులు కొట్టి క్రాంకులు ఊడదీశాను. నీ పానా లేకపోతే కప్పు కదిలేది కాదు. లోపల గ్రీజు నల్లబడింది, ఛర్రలు కొన్ని నలిగాయి, ఒకటి పగిలింది. నువ్వు తెచ్చిన ఇరుసుకు మాత్రం గీత కూడా పడలేదు. అంతా గుడ్డతో తుడిచాను. ఆ గుడ్డ పారేయలేదు... నవ్వకు.

దూలం మీది డబ్బా దించాను. భాబీ నాకెందుకు ఇచ్చిందో అప్పుడు అర్థమైంది. కొత్త గ్రీజు పూసి ఛర్రలు పేర్చడం మొదలుపెట్టాను. నాది నేతవాడి చేయి కదా. పోగులను విడదీసే పన్నెలో ఒక్క సందులో పోగు తప్పిపోతే బట్ట పొడవునా చార పడుతుంది. సందు కనబడితే నాకు ఊపిరాడదు. వరుస చివర కొంచెం ఖాళీ మిగిలితే ఇంకో ఛర్ర అదిమి దూర్చాను. రెండు పక్కలా అట్లాగే చేశాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. బిగించి పెడలు తిప్పాను.

తిరగలేదు. విప్పి మళ్ళీ బిగించాను. పట్టేసింది. పానా విసిరి కొట్టాను. మా ఇంటామె వాకిట్లోకి తొంగిచూసి లోపలికి పోయింది. నేను ఆ మట్టిలోనే కూర్చుని ఏడ్చాను. నిన్ను ఖబరస్తాన్‌కు మోసుకుపోయిన రోజు ఏడవలేదు, నలుగురిలో చేతకాలేదు. ఒక ఇరుసు తిరగకపోతే ఏడ్చాను... ఎవరితో చెప్పుకోను?

అప్పుడు గుర్తొచ్చింది. నువ్వు ఎప్పుడు చేసినా ఛర్రలు నిండుగా పేర్చి, ఆఖరున ఒకదాన్ని గోటితో పైకి లేపి తీసేసేవాడివి. చూసినప్పుడల్లా నాకు ప్రాణం గిలగిల్లాడేది. ఒకటి మరిచిపోయావని చెబితే తిట్టేవాడివి. "మరువలేదురా పోగులోడా. నిండ పెడితే ఒకదాన్నొకటి ఒరుసుకుంటయ్. జర జాగా ఉంటెనే తిరుగుతయ్."

రెండు పక్కలా ఒక్కొక్కటి తీశాను. బిగించి వేలితో తోశాను. పెడలు తిరిగింది... చాలాసేపు తిరిగింది, ఖాజా. నేను చూస్తూ కూర్చున్నాను.

ఈ రోజు పొద్దున వనపర్తి పోయి వచ్చాను. ఎత్తు మీద కూడా గరగర లేదు. ఎక్కడో ఏదో చిన్న చప్పుడు మిగిలింది, నువ్వయితే పట్టేసేవాడివి. ఖబరస్తాన్ మలుపులో బెల్లు కొట్టాను. వినిపించిందా?

ఇంటికొచ్చాక మా ఇంటామె కండెలు చుడుతుంటే, నీ ఇరుసు కథ మొదటినుంచీ చెప్పాను, జుమ్మేరాత్ బజార్ తుక్కుతో సహా. ఆమె నవ్వింది. నేను ఇన్ని మాటలు మాట్లాడి చాలా రోజులైందని అంది. నిజమే.

రేపు శుక్రవారం. ఎదురింటి పెద్దాయనను రమ్మని నేనే కబురు చేశాను. ఈసారి ఆయనతో మాట్లాడతాను. ఆయనకు చాప పరుస్తాను. నీ పీట మాత్రం ఖాళీగానే ఉంచుతాను.

నీ పోగులోడు,
నర్సిములు