దేవుని పిడికెడు

రాళ్ళకుంట, డోన్ తాలూకా
17-9-1952

ప్రియమైన తమ్ముడు గాబ్రియేలుకు అక్క సంతోషమ్మ దీవించి రాసేది. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను. ప్రతి ఉత్తరంలోనూ రాసే మాటే అయినా ఈసారి రాయడానికి చెయ్యి రాలేదు. ఇక్కడ అందరూ క్షేమంగా లేరు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నా దగ్గు తగ్గింది. అమ్మ కంబళి పెట్టెలో భద్రంగా ఉంది, చలికాలంలోపు నంద్యాల వచ్చేవాళ్ళ చేత పంపిస్తాను. వాన పడలేదు. ఆరుద్ర కార్తెలో నాలుగు చినుకులు రాలితే విత్తనం వేశారు, మొలిచింది మొలిచినట్టే మాడిపోయింది. గంజి కేంద్రం మన పల్లెకు ఇంకా రాలేదు. ఆడా మగా అందరూ కరువు పనికి పోయి, రోడ్డు కోసం కంకర కొడుతున్నారు. ఆ పనికి మేస్త్రీ మన సంఘ పెద్ద మారెన్నే. ఊరంతా చిక్కి సగమైతే ఆయనకొక్కడికే చొక్కా బిగుతైంది. నవ్వుకో, పరవాలేదు.

ఇక అసలు సంగతి. వచ్చే నెల మొదటి ఆదివారం నీ మొదటి ప్రసంగమనీ, బీద విధవరాలు తన దగ్గరున్న రెండు కాసులూ కానుకపెట్టెలో వేసిన కథ తీసుకుంటాననీ రాశావు. "చిన్నప్పటి నుంచీ నీ నోట విన్నదే అక్కా, నువ్వు చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరు" అన్నావు. ఆ మాట చదవగానే నాకు రోత పుట్టింది. నీ మీద కాదు, నా మీద.

మన ఆడవాళ్ళు వంటకు గింజలు తీసిన ప్రతిసారీ ఒక పిడికెడు దేవునికని వేరే కుండలో వేసి, ఆదివారం గుడికి తెస్తారు కదా. అమ్మ కూడా వేసేది. గుడి బోధకురాలిగా అవి పోగు చేసేది నేనే. ఇదివరకు ఏ నెలకానెల అమ్మేసేవాళ్ళం. కరువు మొదలయ్యాక మారెన్న ఆపించాడు. "తొందరేమి సంతోషమ్మా? ధర ఇంకా పెరుగుతాది. గుడికి కంచు గంట కొందాం, డోన్ దాకా వినపడాల" అన్నాడు. జొన్నలన్నీ గుడి వెనక గదిలో మూడు పెద్ద కాగుల్లో పోయించి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. గంట మీద ఆశ నాకూ ఉండింది, అది కూడా రాయాలి.

చివరి ఇంటి ఈరక్క నీకు గుర్తుండే ఉంటుంది. మొగుడు నిరుడు కలరాలో పోయాడు. నాలుగేళ్ళ కూతురు, పేరు రూతు. ఆషాఢంలో ఒక ఆదివారం ఈరక్క వట్టి చేతులతో వచ్చింది. నేను అందరి ముందూ ఆ రెండు కాసుల కథ చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె వైపే చూశాను. మరుసటి ఆదివారం నుంచి కుండ రావడం తప్పలేదు. ఈరక్క విశ్వాసం ఎంత గొప్పదో చూడమని నీకు మురిసిపోతూ రాశాను కూడా.

శ్రావణం చివర్లో రూతు పోయింది. తల్లి కంకర కొడుతుంటే, ఆకలికి ఆగలేక ఏదో అడవి గడ్డ తవ్వుకుని తిన్నది. రెండు రోజులు వాంతులు, విరేచనాలు. మూడో రోజు కళ్ళు తెరవలేదు.

సమాధి దగ్గర మారెన్న ఏమన్నాడో తెలుసా? "దేవుడు ఊరికే కొట్టడమ్మా. ఇంట్లో యాడో దాచిన పాపం ఉంటాది, ఎతుక్కో." బిడ్డల్ని పోగొట్టుకున్న యోబును నీ పాపమే కారణమని సాధించిన ముగ్గురు స్నేహితుల గురించి నువ్వు ఆమధ్య రెండు పేజీలు రాశావే, చివరికి దేవుడు మండిపడింది వాళ్ళ మీదేనని! వాళ్ళలో ఒకడు మన ఊళ్ళో తెల్లపంచె కట్టుకుని నిలబడ్డాడు. అది తెలిసీ నేను ఆయనకు అడ్డు చెప్పలేదు. నంద్యాలలో పాదిరి చదువుకు నీకు చోటు ఇప్పించింది ఆయన రాసిన ఉత్తరం. ఆయనతో పేచీ పెట్టుకోవద్దని నువ్వు రాయని ఉత్తరం లేదు.

ఇన్నాళ్ళూ దాచిన మాట ఇప్పుడు చెబుతాను. మట్టి చేసిన నాలుగో రోజు ఆదివారం. ఈరక్క గుడికి వచ్చింది, కుండ తెచ్చింది. ఎప్పుడూ అడుగున కనిపించే గింజలు ఆ రోజు సగం దాకా ఉన్నాయి.

"ఈ వారం ఎక్కువుండాయి అక్కా. పాప తినలేదు గదా, దాని వంతు గూడా దీంట్లోనే పోసినా" అంది.

నేను పుచ్చుకున్నాను గాబ్రియేలూ. పుచ్చుకుని, ఆమె తల మీద చెయ్యి పెట్టి, ప్రార్థన చేసి పంపాను. ఇప్పుడు ఆ చేతిని చూసుకుంటే అసహ్యం వేస్తోంది. దానితో ముద్ద కలుపుకోవాలన్నా మనసు రావడం లేదు.

నీ ఉత్తరం అందాక ఆ కథ మళ్ళీ తీశాను. పాఠాల కాగితంలో ఎంతవరకు అచ్చేశారో అంతవరకే కంఠతా పట్టి, ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను. దాని పై మాటలతో కలిపి ఎన్నడూ చదవలేదు. నువ్వూ చదివి చూడు. సరిగ్గా దానికి ముందు ప్రభువు ఎవరిని తిడుతున్నాడు? నిలువుటంగీలు తొడుక్కుని, ముందు వరసలో కూర్చుని, పొడుగు ప్రార్థనలు చేస్తూ విధవరాళ్ళ ఇళ్ళు మింగేవాళ్ళని. ఆ వెంటనే ఆ విధవరాలు వచ్చి, బతకడానికి ఉన్నదంతా పెట్టెలో వేసి పోయింది. ఆయన మురిసిపోయి ఆమెను చూపించాడని ఇన్నాళ్ళూ చెప్పాను. కడుపు మండి చూపించాడేమోనని ఒక్కనాడూ అనుకోలేదు. ఆ మింగేవాళ్ళలో మారెన్న ఒక్కడే లేడు, నేనూ ఉన్నాను.

మొన్న ఆదివారం ఆరాధన మధ్యలో లేచి, గది తెరిచి జొన్నలు పంచమన్నాను.

"ఏమి సంతోషమ్మా, దేవుని సొత్తు మీద చెయ్యేస్తావా?" అన్నాడు మారెన్న.

"దేవునికి ఆకలి లేదు మారెన్నప్పా, ఈళ్ళకుండాది" అన్నాను.

ఆడవాళ్ళు లేచి వచ్చి నా వెనక నిలబడ్డారు. తప్పక తాళం తీశాడు. కాగు మీద మూత ఎత్తగానే ముక్కిన వాసన గుప్పుమంది. పైపొర మొత్తం కదులుతోంది. చెయ్యి ముంచితే గింజ తగల్లేదు, వట్టి పొట్టు, పిండి. మోచేతి దాకా నల్లపురుగులు పాకాయి. మూడు కాగులూ అంతే. చేటల్లో చెరిగితే మిగిలిన గింజలు ఊరికి ఒక్క పూట అంబలికి కూడా చాల్లేదు. అప్పుడు కూడా ఆ మనిషి, "ఎండబోస్తే పురుగు పోతాది, సగం ధరకన్నా అమ్మొచ్చు" అన్నాడు. వాడి ముఖాన ఉమ్మాలనిపించింది. నా చేతిని దులుపుకున్నాను.

నీ చదువు సంగతి చూస్తానని మారెన్న అందరి ముందూ నాతో అన్నాడు. ఈపాటికి మీ పెద్దలకు రాసే ఉంటాడు. నన్ను ఈ నెలతో బోధకురాలి పని మానుకోమని పై పెద్దల నుంచి కబురు వచ్చింది. నిన్ను అడగకుండా నీ చదువు మీదికి తెచ్చాను, క్షమించు. అయితే మళ్ళీ ఆ రోజే వచ్చినా అదే చేస్తాను. నిన్ను ప్రసంగం చెయ్యనిస్తే మాత్రం ఆ కథను పై మాటల నుంచి చదువు. అంత ధైర్యం లేకపోతే ఆ కథ జోలికి పోవద్దు.

నిన్న కంకర కుప్పల దగ్గరికి పోయి ఈరక్కకు అంతా చెప్పాను. పై మాటలు చదివి వినిపించాను. కాగుల్లో ఏమైందో ఆమె చూసిందే. వట్టి చేతులతో వచ్చిన రోజు ఆమెను సిగ్గుపరచడానికే ఆ కథ చెప్పానని కూడా ఒప్పుకున్నాను. సుత్తి పక్కన పెట్టి, తలవంచుకుని విన్నది. తర్వాత అడిగింది.

"అట్లయితే అక్కా, ఆ గింజలు నా పాపకు ఉడకేసి పెట్టుంటే దేవునికి కోపం వస్తాండెనా?"

"వచ్చేది కాదు ఈరక్కా" అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. సుత్తి తీసుకుని మళ్ళీ రాళ్ళు కొట్టడం మొదలుపెట్టింది.

ఇట్లు,
నిన్ను ఎత్తుకుని పెంచిన అక్క
సంతోషమ్మ