తాళం వేసిన పగళ్ళు

ఆదివారం

అమ్మ పోయి పన్నెండు రోజులు. నాన్న వదిలేశాక నన్ను వెంటేసుకుని రావులపాలెం అరటితోటల్లో గెలలు మోసింది. పగలు ఇంట్లో ఉండేదే కాదు. అన్నం కూడా గట్టు మీదే తినేది. అలాంటి మనిషిని, మతిమరుపుతో రెండుసార్లు దారి తప్పిందని, ఏడాదిపాటు ఇంట్లో ఉంచి తాళం వేసి ఆఫీసుకు వెళ్ళాను.

సాయంత్రం పక్కింటి పిన్నిగారు చెప్పారు.

"రోజూ కిటికీ ఊచలు పట్టుకుని ఏడ్చేదమ్మా. 'తలుపు తీయండి, తోటకెళ్ళాలి' అనేది."

"నాతో ఎందుకు చెప్పలేదండీ?"

"తనే వద్దంది. 'మా అమ్మాయికి చెప్పకండి, బాధపడుద్ది' అనేది."

నా పేరు కూడా మరిచిపోయిందనుకున్నాను. నేను బాధపడతానని మాత్రం మరవలేదు. ఇప్పుడెవరి కాళ్ళు పట్టుకుని ఏడవను?