ముప్పావు అంగుళం పేచీ

పిన్నికి,

ముప్పై ఏళ్ళుగా అడగాలనుకుంటూ అడగలేకపోయిన ప్రశ్న ఒకటుంది. వంకర నా జుట్టుదా, నీ కత్తెరదా?

ఇలా మొదలుపెట్టినందుకు ఏమీ అనుకోకు. ముందు నమస్కారం పెట్టి, యోగక్షేమాలు రాసి, ఆ తర్వాత మెల్లగా అడుగుదామని మూడు కాగితాలు చింపాను. ఇక్కడ అందరం క్షేమం, నా తల తప్ప.

వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మా యూనివర్సిటీలో గణాంక శాస్త్ర విభాగానికి నేనే హెడ్‌ని. సంతోషించాల్సిన విషయమే. కానీ హెడ్ అయినవాళ్ళందరి ఫోటోలూ మా వరండాలో వరసగా తగిలిస్తారు. ఇప్పటికి ఎనిమిదున్నాయి. ఎనిమిదీ మగవాళ్ళవే, అందులో ఆరు బట్టతలలు. జుట్టు సమస్య ఉన్న మొదటి హెడ్‌ని నేనే అన్నమాట. ఒకసారి తగిలించాక గోడ కూలేదాకా ఆ ఫోటో అక్కడే ఉంటుంది. నేను పోయాక కూడా పిల్లలు దాని కిందే నిలబడి మార్కుల జాబితా చూసుకుంటారు.

నా జుట్టు సంగతి నీకు తెలియంది కాదు. భుజాల దాకా వస్తుంది, వంకీలు తిరుగుతుంది, కానీ రెండు వైపులా ఒక తీరుగా ఉండదు. చెవి తమ్మె నుంచి కొన దాకా స్కేలు పెట్టి ఐదుసార్లు కొలిచాను. ఎడమవైపు ముప్పావు అంగుళం పొట్టి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నా జుట్టు మీద కత్తెర పెట్టింది నువ్వొక్కదానివే. ఇప్పటికీ నీ కుట్టుషాపుకి వచ్చినప్పుడే కత్తిరించుకుంటాను. అందుకే ఆ ప్రశ్న.

సాపు చెయ్యడానికి వేడి పెట్టించుకోమంటావేమో. పోయిన నెల పార్లర్లో పెట్టించుకున్నాను. చెవి మీద బొబ్బ లేచింది. ఇంటికొచ్చేలోపు నాలుగు చినుకులు పడ్డాయి. సాపైన జుట్టులో సగం నిద్రలేచింది, సగం ఇంకా పడుకునే ఉంది. ఇక ఈ జన్మకి వేడి వద్దు. వేడి లేకుండా దీన్ని నలుగురిలో పెట్టే దారేదైనా ఉంటే రాయి. ఫోటోకి మూడు వారాలే ఉంది.

ఫోను ఎందుకు చెయ్యలేదంటావా? నువ్వు మిషను తొక్కుతూ మాట్లాడతావు. నాకు నీ మాట కంటే సూది చప్పుడే ఎక్కువ వినపడుతుంది.

ఇట్లు,
తల ఎత్తుకోలేని నీ అక్క కూతురు

తా.క.: మా ఆయన్ని అడిగితే చూడకుండానే "బాగానే ఉంది" అన్నారు. సోఫా మార్చి పదకొండు రోజులైంది. దాన్నీ ఇంకా చూడలేదు.

---

చిరంజీవి కొలబద్దకి పిన్ని దీవెనలు.

ఎనిమిదేళ్ళప్పుడు నా టేపు లాక్కుపోయి పిల్లి తోక కొలిచావు. ఆ రోజే నీకీ పేరు పెట్టాను. ఇన్నేళ్ళకి పిల్లి కొలత అయిపోయి, నా కత్తెరని కొలవడానికొచ్చావు.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ ఉత్తరం. నలభై ఏళ్ళుగా గుడ్డ కోస్తున్నాను. కాలరు వంకరని ఒక్క మనిషి తిరిగి రాలేదు. కుక్క తోక వంకరని లోకమంతా అంటుంది గానీ, ఆ కుక్క ఎప్పుడైనా ఫిర్యాదు చేసిందా?

ఇక పనికొచ్చే మాట విను. తలస్నానం చేశాక తువ్వాలుతో గిన్నెలు తోమినట్టు తోముతావు, నాకు తెలుసు. అది మానెయ్. మెత్తటి పాత బనీను ఒకటి తీసుకో. తల ముందుకు వంచి, జుట్టుని అందులో పడుకోబెట్టి, చుట్టి ముడి వెయ్యి. అరగంట అలా ఉండనీ. తర్వాత వేళ్ళతోనే చిక్కు తీసి, కొనలు గుప్పిట్లో పట్టి పైకి నొక్కి వదిలెయ్. ఆరేదాకా ముట్టుకోకు. ఆరేదాకా అంటే ఆరేదాకా. తడి మీద కొలవకు. తడిగుడ్డ కొలత నమ్ముకున్నవాడు షాపు మూసుకుంటాడు.

ఎడమవైపు పొట్టి అంటావా, ఉంటే ఉండనీ. దానికో కారణముంది. ఫోటో అయ్యాక చెబుతాను. అప్పటిదాకా కత్తెర జోలికి పోకు.

ఇట్లు,
కత్తెర వంకర లేని నీ పిన్ని

తా.క.: బనీను అల్లుడిదే తీసుకో. సోఫానే చూడనివాడు బనీను కోసం వెతుకుతాడా.

---

పిన్నికి నమస్కారాలు.

బనీను క్షేమం. నా పరువు గురించి ఆ మాట చెప్పలేను.

ఆదివారం పొద్దున నువ్వు చెప్పినట్టే చుట్టుకుని, ఆ సంగతి మరిచిపోయి తలుపు తీశాను. ఎదురుగా మా హెడ్ గుమాస్తా, చేతిలో అర్జంటు కాగితాలు. బనీను చేతులు రెండూ నా చెవుల పక్కన కుందేలు చెవుల్లా వేలాడుతున్నాయి. పెద్దమనిషి గోడకేసి చూస్తూ మూడుచోట్ల సంతకాలు పెట్టించుకుని వెళ్ళిపోయాడు. సోమవారం వెళ్ళేసరికి నా తలకి కట్టు కట్టారని విభాగమంతా పాకిపోయింది. మధ్యాహ్నానికి అది ఆపరేషనయింది. సాయంత్రానికి నా బల్ల మీద రెండు పళ్ళబుట్టలున్నాయి. కాదని చెప్పబోతే, "మీరు ఎక్కువ మాట్లాడకూడదు మేడమ్" అన్నారు.

జుట్టు మాత్రం, ఒప్పుకుంటున్నాను, బాగా వచ్చింది. వంకీలు వేటికవి విడివిడిగా, బడికి తయారైన పిల్లల్లా నిలబడ్డాయి.

కానీ నీ ఉత్తరంలో ఒక మాట నన్ను నిలవనివ్వలేదు. "దానికో కారణముంది" అన్నావు. అంటే తెలిసే చేశావు. ముప్పై ఏళ్ళు నా జుట్టుని తెలిసే వంకరగా కోశావు. ఇది చదివాక ఎవరైనా చేసే పనే నేనూ చేశాను. పూర్తిగా ఆరాక మళ్ళీ కొలిచి, కుడివైపు ముప్పావు అంగుళం తీసేశాను. ఇప్పుడు స్కేలు లెక్కన రెండూ సమానం.

అయితే అద్దంలో చూసుకుంటే కుడివైపు పొట్టిగా ఉంది.

ఇరవై ఏళ్ళుగా పిల్లలకి కళ్ళని కాదు, కొలతని నమ్మమని పాఠం చెబుతున్నాను. నిన్న స్కేలు ఒక చేత్తో, అద్దం ఒక చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఎవర్ని నమ్మాలో తెలియలేదు.

ఇట్లు,
స్కేలు ప్రకారం సమానమైన నీ అక్క కూతురు

తా.క.: కత్తిరించాక ఎలా ఉందని మా ఆయన్ని అడిగాను. సోఫా మీద కూర్చుని, "సోఫా ఎప్పుడు మార్చావు?" అన్నారు.

---

కొలబద్దకి,

దీవెనలు తర్వాత. కత్తెర ఎక్కడిది? కాగితాలు కోసే కత్తెరే అయ్యుంటుంది. గుడ్డ కత్తెరతో కాగితం కోసినవాళ్ళతోనే నేను ఆర్నెల్లు మాట్లాడను. కాగితం కత్తెరతో జుట్టు కోసుకున్నదాన్ని ఏం చెయ్యాలో నాకే తోచడం లేదు.

జరిగింది చాలు. మిగిలినదాన్ని వంకీలతో కప్పుదాం. అవిసె గింజలు రెండు చెంచాలు రెండు గ్లాసుల నీళ్ళలో మరిగించు. జిగురు రాగానే, వేడి మీదుండగానే వడకట్టు. చల్లారాక తడిజుట్టుకి పట్టించు. పాయలు పాయలుగా తీసి, మేజోళ్ళకి చుట్టి ముడులు వెయ్యి. పొద్దున చుడితే మధ్యాహ్నానికి విప్పుకోవచ్చు. కొలత తప్పిన గౌనుకి కుచ్చులు పెడితే ఫ్యాషనంటారు. జుట్టుకీ అదే న్యాయం.

కారణం అడగొద్దు. మీ అమ్మకి మాటిచ్చాను. ఆవిడ లేదు కదాని మాట లేకుండా పోదు.

ఇట్లు,
పిన్ని

తా.క.: ఆ పళ్ళబుట్టలు రెంట్లో ఒకటి ఇటు పంపు. ఆపరేషన్ నీకైతే నీరసం నాకొచ్చింది.

---

పిన్నికి,

నమస్కారం పెట్టాలా వద్దా అన్నది ఈ ఉత్తరం చివరికొచ్చేసరికి తేలుతుందనుకుంటున్నాను.

జిగురు వేడి మీద వడకట్టడం మరిచిపోయాను. గింజలతో సహా గడ్డకట్టి, గిన్నె బోర్లించినా జారలేదు. దానిలోంచే చెంచాతో గీకి రాసుకున్నాను. ఎడమవైపుకి నా పల్చటి మేజోళ్ళు, కుడివైపుకి మా ఆయన ఊలు మేజోళ్ళు చుట్టాను, ఇంట్లో ఒకే రకానివి దొరక్క. విప్పితే ఎడమవైపు చిన్న వంకీలు, కుడివైపు పెద్ద వంకీలు. ఎడమ కుడి ఇద్దరు వేరువేరు మనుషులు. ప్రయోగంలో రెండు వైపులా ఒకే పరిస్థితి ఉండాలని మొదటి సంవత్సరం పిల్లలకి నేనే చెబుతాను.

ఆ తర్వాత జరిగింది రాయడానికి సిగ్గుగా ఉంది. ఇక స్కేలుని కాదు, అద్దాన్నే నమ్మాలని నిశ్చయించుకున్నాను. అద్దంలో రెండూ సమానంగా కనిపించేదాకా ఎడమవైపు కోశాను. చూడముచ్చటగా కుదిరింది. నిబ్బరంగా స్కేలు పెట్టి చూశాను. ఎడమవైపు పొట్టి. ఎంతో ఊహించు. సరిగ్గా ముప్పావు అంగుళం.

తరిమేసిన పిల్లి తిరిగొచ్చినట్టు అదే అంకె మళ్ళీ నా ఇంటికొచ్చింది. మళ్ళీ స్కేలుకి కోశాను, మళ్ళీ అద్దానికి కోశాను. భుజాల దాకా ఉన్న జుట్టు గడ్డం దగ్గర ఆగింది. ఫోటోకి ఇక ఐదు రోజులే ఉంది.

ఒకే అంకె ఇన్నిసార్లు వస్తే అది అనుకోకుండా వచ్చేది కాదు, దాని వెనక ఏదో ఉంది. అమ్మ నీ దగ్గర మాట తీసుకుందంటున్నావు. నా తల వంకరా పిన్నీ? పసిదాన్నప్పుడు కింద పడేశారా? మీ ఇద్దర్లో ఎవరు పడేశారు? దాచడానికి ఇంక ఏముంది కనుక. ఈ ఆలోచనతో నిన్న క్లాసులో బోర్డు మీద రెండు లెక్కలు తప్పు చేశాను. ఒక అమ్మాయి పక్కమ్మాయితో ఆపరేషన్ వల్లే అంది.

ఇంకొకటి. జుట్టేమిటిలా అని అడిగినవాళ్ళందరికీ అది మా పిన్ని చేతి వంకరని చెప్పేశాను. నీ చేత కోటు కుట్టించుకుందామనుకున్న మా సహోద్యోగిని కూడా విని, మానుకుంది. నాకు కోపంగా ఉంది పిన్నీ. నిజం చెప్పు, వెంటనే.

ఇట్లు,
ఎవరో కింద పడేసిన పిల్ల

తా.క.: ఫ్రిజ్‌లో మిగిలిన అవిసె జిగురు మా ఆయన పెరుగనుకుని తినేశారు. "బాగానే ఉంది" అన్నారు.

---

చిరంజీవి కొలబద్దకి,

నిన్నెవరూ పడెయ్యలేదు. తల గుండ్రంగా ఉంది, లోపలున్నదే వంకర.

ఆర్డరు పోయిందన్నావు, పోనీ. నా చేతి వంకరన్నావు, అది మాత్రం పోనివ్వను. మీ అమ్మ నన్ను క్షమించాలి.

నీకు పదకొండేళ్ళప్పుడు బడి చొక్కాకి కొలతలు తీస్తుంటే తెలిసింది. నీ కుడి భుజం ఎడమ భుజం కంటే కిందికుంది. ఎంతో నువ్వే రాశావు కదా, ఐదుసార్లు కొలిచి. డాక్టరుకి చూపిస్తే ప్రమాదమేం లేదు, కొందరు అంతేనన్నాడు. మీ అమ్మ నా షాపు వెనక గదిలో నా చెయ్యి పట్టుకుని, "ఇది అన్నింటికీ సందేహపడే పిల్ల. దీనికి చెప్పకు. చెబితే జీవితాంతం అద్దం ముందే నిలబడుతుంది" అంది.

చెప్పలేదు. నీ ప్రతి చొక్కాకీ, ప్రతి కోటుకీ కుడి భుజంలో మెత్త ఎక్కువ పెట్టాను. జుట్టు కూడా భుజాన్ని బట్టే కోశాను. కుడి భుజం కిందికుంది కాబట్టి కుడివైపు ముప్పావు పొడుగు. అప్పుడే రెండు కొనలూ రెండు భుజాల మీద ఒక్కలా ఆనుతాయి. స్కేలు చెప్పిందీ నిజమే, అద్దం చెప్పిందీ నిజమే. లోకంలో ఉన్నవన్నీ కొలిచావు, నీ భుజాలు తప్ప.

నువ్వు దిద్దింది నా తప్పుని కాదు, ముప్పై ఏళ్ళ నా పనిని.

ఇప్పుడు జుట్టు భుజాల మీద లేదు. ఇక కప్పడానికేమీ లేదు. ఈ ఉత్తరంతో పాటే బస్సులో కోటు పంపుతున్నాను, కుడి భుజంలో మెత్త కుట్టి. వేసుకుంటే వేసుకో, లేకపోతే మానెయ్.

ఇట్లు,
పిన్ని

తా.క.: మీ అమ్మకి ఎడమ భుజం కిందికుండేది. ఆ సంగతి ఆవిడకీ తెలియదు. ఆవిడ బట్టలు కుట్టిందీ నేనే.

---

పిన్నికి,

నమస్కారాలు. ఈసారి ఆలోచించే పెడుతున్నాను.

నీ ఉత్తరం చదివి గోడకి ఆనుకుని నిలబడ్డాను. మా ఆయన చేత పెన్సిలుతో రెండు గీతలు పెట్టించాను. ముప్పావు. "ఇది మీకు తెలుసా?" అంటే, "తెలుసు" అన్నారు. ఎప్పటి నుంచని అడిగితే పెళ్ళప్పటి నుంచట. మరి ఎందుకు చెప్పలేదంటే, "బాగానే ఉంది కదా" అన్నారు.

ఫోటో రోజు తలస్నానం చేసి, బనీనులో చుట్టి, వేళ్ళతో నొక్కి వదిలేశాను. జిగుర్లు లేవు, మేజోళ్ళు లేవు. బాల్కనీలో కూర్చుంటే అదే ఆరింది. ఇంత పొట్టిగా ఉంటే వంకీలు తమ ఇష్టం వచ్చినట్టు తిరుగుతాయని తెలిసింది, వాటిని ఎవరూ ఏమీ అనలేరని కూడా.

ఫోటో తీసేముందు వరండాలో పాత హెడ్ల భుజాలు కూడా స్కేలు పెట్టి చూశాను. ఎనిమిదింట్లో ఐదు వంకర. సంతోషపడబోయాను గానీ, ఫ్రేములే వంకరగా వేలాడుతున్నాయి కాబట్టి ఆ లెక్క చెల్లదు.

ఫోటోగ్రాఫర్ రెండు తీశాడు. నీ కోటు వేసుకుని ఒకటి. అందులో నేను నిటారుగా, అందంగా, మర్యాదగా ఉన్నాను. కోటు విప్పేసి ఒకటి. అందులో కుడి భుజం బరువైన సంచీ ఇప్పుడే దించినట్టుంది, మొహం మాత్రం నాదే. ఏది ఇస్తానో శుక్రవారం లోపు చెప్పాలి. రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని మింగలేక కక్కలేక కూర్చున్నాను.

మా సహోద్యోగినికి తప్పు నాదేనని చెప్పాను. వచ్చే వారం కోటు కొలతలకి నీ దగ్గరికొస్తుంది. ఆమెకి ఏదైనా వంకరుంటే ఆమెకే చెప్పు.

ఇట్లు,
నీ అక్క కూతురు

తా.క.: అప్పుడే చెప్పి ఉంటే, అన్నీ తెలిసి ధైర్యంగా పెరిగేదాన్నేమో. లేక అమ్మ అన్నట్టు అద్దం ముందే ఆగిపోయి, ఒక్క క్లాసుకైనా వెళ్ళేదాన్ని కాదేమో. రెండూ కొలిచే వీల్లేదు. నీ మీద కోపం తెచ్చుకోవాలో, నీ చేతులు పట్టుకోవాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు పిన్నీ.